యూనాగి నోట ఎవరి కేక

ఏప్రిల్ 13, ఆదివారం

ఆ కేక నాది కాదు.

పొద్దున టీ పెట్టుకుని, నిన్న టీవీలో ప్రసారమైన మా బొమ్మల సిరీస్ కొత్త సీజను రెండో భాగం చూశాను. స్నానశాల కప్పు మీద పోట్లాట. బాయిలరులోంచి వచ్చిన రాక్షసి, కథానాయకుడు కోహే కాలు పట్టుకుని లాక్కుపోతుంటే, నేను గొంతిచ్చే యూనాగి పొగగొట్టం మీంచి బల్లెంతో దూకుతుంది. దూకుతూ అరుస్తుంది. మూడున్నర సెకన్లు. వినగానే చేతిలో కప్పు కింద పెట్టేశాను. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. అలా పదకొండుసార్లు.

కేకకు ముందు మాటలు నావి. కేక తరవాత "త్వరగా చావవే, అన్నం చల్లారిపోతోంది" అన్నదీ నేనే. మధ్యలో ఆ కేక మాత్రం వేరే మనిషిది. నిండుగా లేచి, చివర ఒక్క మెట్టు పైకెక్కి తెగింది. వయసులో ఉన్న గొంతు.

జనవరిలో ఈ భాగం రికార్డు చేసినప్పుడు నేను మూడుసార్లు అరిచాను. మూడోది అవగానే శబ్ద దర్శకుడు ఇగరాషి గారు అద్దం వెనకనుంచి బొటనవేలు చూపించారు. బాగా గుర్తుంది.

ఎవరో యూనాగి నోట్లో తమ గొంతు పెట్టారు. నాకు ఒక్క మాట చెప్పకుండా.

ఏప్రిల్ 14

గొంతు బాగానే ఉంది. పొద్దున కాస్త బొంగురు. పుప్పొడి. ఈ రోజుల్లో చెట్ల పుప్పొడి పడక టోక్యోలో సగం మందికి ఇంతే.

ముల్లంగి ముక్కలు తేనెలో వేసి పెట్టాను, గొంతుకి.

ఏప్రిల్ 15, మంగళవారం

రికార్డింగు. పద్నాలుగో భాగం. చప్పుడు చెయ్యని నూలు చొక్కా వేసుకుని వెళ్లాను. కడుపు గుర్రుమంటే మైకు అది కూడా పట్టేస్తుంది కనుక వెళ్లే ముందు అన్నం ముద్ద ఒకటి తిన్నాను. ఇరవై ఏళ్ల అలవాట్లు. ఇవన్నీ చేసే మనిషిని గొంతు పోయిన మనిషి అని ఎలా అంటారు? ఎవరూ అనలేదనుకో. అయినా.

నాలుగు మైకులు, తొమ్మిది మందిమి. వంతు రాగానే పిల్లిలా వెళ్లి నిలబడి, చెప్పి, పిల్లిలా వెనక్కి రావాలి. నా వంతు రాకముందే ఇగరాషి గారి గొంతు పైనున్న స్పీకరులోంచి వచ్చింది.

"ఒగాతా గారూ, మీ పోట్లాటలు ఇవాళ వదిలేద్దాం. తరవాత విడిగా తీసుకుంటా."

"ఎందుకండీ, నేనిక్కడే ఉన్నాగా?"

"బొమ్మలు ఇంకా పూర్తి కాలేదు. పెదాలు ఎప్పుడు కదులుతాయో తెలీదు."

"కేకకి పెదాలతో పనేముంది?"

ఆయన నవ్వేసి కాగితాల్లో తల దూర్చారు. ఈయన్ని పద్దెనిమిదేళ్లుగా ఎరుగుదును. అబద్ధం చెప్పేటప్పుడు కళ్లద్దాలు తుడుచుకుంటారు. ఇవాళ రెండుసార్లు తుడిచారు.

విరామంలో కొతోనె వచ్చి పక్కన కూచుంది. సిరీసులోని ఐదుగురు పిల్లల్లో ఐదోదైన తొవాకి గొంతు ఇచ్చేది తనే. ఇరవై ఏడేళ్లు. నవ్వితే అందరూ అటు తిరుగుతారు.

"అక్కా, ఇవి ఉంచండి. గొంతు బిళ్లలు. మా అమ్మ పంపింది, మా ఊళ్లో చేస్తారు."

"నా గొంతుకేమైంది?"

"అయ్యో, ఏమీ కాలేదక్కా. ఊరికే."

ఊరికే ఎవరూ ఎవరికీ ఏదీ ఇవ్వరు. డబ్బా తీసుకుని సంచీలో వేశాను. తెరవలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

మూడో భాగం. ఈసారి రెండు కేకలు. అదే గొంతు.

నలభై మూడేళ్లు నాకు. యూనాగికి ముందు పదిహేడేళ్లపాటు నేను చేసినవి: ఒకరి తల్లి, కూరగాయల కొట్టామె, రెండో నర్సు, ఒక ఆవు. మూడేళ్ల కిందట ఈ తిండిపోతు బల్లెం పిల్ల దొరికింది. అప్పట్నుంచి నాకో పేరుంది. ఆ సిరీస్ కథంటే నాకేమీ గొప్ప ప్రేమ లేదు. పాడుబడ్డ స్నానశాల వారసత్వంగా వచ్చిన చవట కుర్రాడు ఒకడు, కోహే. వాడే నా మొగుడంటూ ఐదు లోకాల నుంచి ఐదుగురు ఆడపిల్లలు. వారానికో రాక్షసి. ప్రతి భాగంలో ఎవరో ఒకరు తువ్వాలు జారిపోయి కెవ్వుమంటారు. దీన్ని చూసేవాళ్లు ఎందుకు చూస్తారో ఎన్నడూ అర్థం కాలేదు. అర్థం కావలసిన పనీ లేదు. పిల్ల నాది, అంతే.

నాది.

ఏప్రిల్ 22, మంగళవారం

పదిహేనో భాగం కాగితాలు చేతికి రాగానే నా పేరు వెతుక్కున్నాను. యూనాగి శాపం తగిలిన పిండి బూరె తింటుంది. మాట పడిపోతుంది. భాగమంతా అట్టముక్కల మీద రాసి చూపిస్తుంది. నాకు మిగిలినవి రెండు మూలుగులు, ఒక తుమ్ము.

అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నేను నవ్వుతున్నానా లేదా అని ఇగరాషి గారు అద్దంలోంచి చూడటం చూశాను.

మాట పడిపోయిన పిల్లని వచ్చే భాగంలో ఊరికి పంపించడం ఎంతసేపు. లేదా శాపం తీరాక కొత్త గొంతు వస్తుంది, అదీ ఒక హాస్యమే. అన్నీ ఆలోచించే రాశారు.

సాయంత్రం మా ఏజెన్సీలో నా పనులు చూసే నెమోతో గారికి ఫోన్ చేశాను.

"యూనాగి గురించి మీతో ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఒగాతా గారూ, మీరు ఒకసారి డాక్టరు దగ్గరికి..."

"పుప్పొడి అండీ," అని పెట్టేశాను.

ఏప్రిల్ 27

వాన పడింది. వాన పడితే పుప్పొడి ఉండదంటారు. ఉంటుంది.

మే 3, శనివారం

మే సెలవుల్లో అభిమానుల సభ, ఇకెబుకురో పేటలో. ఐదుగురమూ వరసగా బల్ల వెనక కూచుని సంతకాలు పెట్టాం. కొతోనె వరస నా వరస కంటే పొడుగు. లెక్కపెట్టలేదు, కనిపించింది.

నా వరసలో ఒకామె, యాభై దాటి ఉంటాయి, చేతులకు తెల్ల తొడుగులు వేసుకునేంత శుభ్రమైన మనిషి. నీగాతాలో సిటీ బస్సు నడుపుతుందట. దీనికోసం బస్సులోనే వచ్చిందట, వేరేవాళ్లు నడిపే బస్సులో కూచుంటే కాలు బ్రేకు వెతుక్కుంటుందని చెప్పి నవ్వింది.

"మీకు ఇందులో అంత నచ్చిందేమిటండీ?" అన్నాను. మర్యాదకి కాదు, నిజంగానే అడిగాను.

ఆమె ఆలోచించింది. "ఆ కోహే ఒట్టి దద్దమ్మ కదండీ. ఎవరో ఒకర్ని ఎంచుకోరా అంటే కిటికీలోంచి దూకి పారిపోతాడు. మా డిపోలో కుర్రాళ్లందరూ వాణ్ణి తిడతారు. నాకేమో వాడు ఎంచుకోకపోతేనే బాగుంటుంది. ఎంచుకున్నాడంటే నలుగురు మూట సర్దుకోవాలిగా? కొట్టుకోనివ్వండి, గోడలు పడగొట్టనివ్వండి. చివరికి అందరూ ఆ బల్ల చుట్టూ కూచుని తింటారు చూడండి, అది వచ్చేదాకా చూసి, నవ్వుకుని, బండెక్కుతాను."

"మీ ఇంట్లో ఎంతమంది?"

"నేనే," అంది, ఏమీ విశేషం కానట్టు.

సంతకం పెట్టి ఇచ్చాను. వెళ్లబోతూ వెనక్కి తిరిగింది. "రెండో భాగంలో ఆ కప్పు మీది కేక ఉంది చూశారూ, నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పాత రోజుల్లాగే ఉందండీ."

థాంక్సండీ అన్నాను. ఆ తరవాత నలభై మందికి ఏం రాశానో తెలీదు. పరాయిదాని కేకకు నేను థాంక్స్ చెప్పాను.

మే 8, గురువారం

ఇవాళ రికార్డింగు లేదు. అయినా స్టూడియో ఎదురుగా ఉన్న కాఫీ కొట్టులో కూచున్నాను. అటుగా పనుండి వెళ్లాను.

పని లేదు. ఎవరికి చెబుతున్నాను ఈ అబద్ధం?

పదకొండుంబావుకి కొతోనె వచ్చింది. మాస్కు, టోపీ. చుట్టూ చూసి లోపలికి పోయింది. నేను రెండో కాఫీ చెప్పాను. గంటా పది నిమిషాల తరవాత బయటికి వచ్చింది, వెనకే ఇగరాషి గారు. కొతోనె తన మెడ చేత్తో పట్టుకుని ఉంది. సీసా ఎత్తి నీళ్లు తాగుతూనే ఉంది. గొంతు చించుకుని అరిచిన మనిషి ఎలా తాగుతుందో నాకు తెలుసు.

ఇగరాషి గారు తల వంచి ఆమెకు నమస్కరించారు. బాగా కిందికి వంచి. నాకెప్పుడూ అంత కిందికి వంచలేదు.

ఇంక అనుమానం కాదు.

మే 10

మాట్లాడకుండా ఉన్నాను, రెండు రోజులు. గొంతు మంగళవారానికి దాచుకుంటున్నాను. చూపిస్తాను.

మే 13, మంగళవారం

రాయాలా?

రాస్తాను.

పదహారో భాగం. అందరూ వచ్చారు. నేను కూచోలేదు. కొతోనె తన కాగితాలకు పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటోంది. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"గురువారం ఇక్కడికి ఎందుకొచ్చావు?"

ఆమె మొహం తెల్లబడింది. "అక్కా..."

"అక్కా లేదు గిక్కా లేదు. యూనాగి నోట్లో నీ గొంతు పెడుతున్నావు. రెండో భాగం నుంచీ. బిళ్లలిచ్చి, నవ్వి, వెనకనుంచి నా పిల్లని ఎత్తుకుపోతున్నావు."

"నేను కాదక్కా. ఆ కేకలు నావి కావు."

"మరెవరివి? చూడు. నాకు అరవడం చేతకాదని కదా మీ అందరి బాధ. చూడు."

మైకు ముందుకు వెళ్లాను. ఎర్రదీపం లేదు, ఎవరూ రికార్డు చెయ్యడం లేదు. కాళ్లు ఎడంగా పెట్టి, ఊపిరి కడుపులోకి దింపి, కప్పు మీది కేక వేశాను.

గాలి వచ్చింది. చిరిగిన కాగితం ఊదితే వచ్చేలాంటి గాలి. మళ్లీ ప్రయత్నించాను. ఈసారి మొదట్లో ఏదో పలికి, మధ్యలో రెండుగా చీలి, ఆగిపోయింది. ఎనిమిది మంది తమ కాగితాలు చూసుకుంటున్నారు. ఒక్క కాగితం చప్పుడు కాలేదు.

ఇగరాషి గారు లోపలికి వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నారు. "రా చిజురూ," అన్నారు. అందరి ముందు ఆయన నన్ను ఇంటిపేరుతో తప్ప పిలవరు.

అద్దం వెనక గదిలో కూచోబెట్టి, ఒక ఫైలు తెరిచారు. కేక వినిపించింది. అదే. నిండుగా లేచి, ఒక్క మెట్టు పైకెక్కి తెగే కేక.

"ఎవరిది?" అన్నాను.

"ఇంకా విను."

కేక తెగాక రెండు సెకన్లు ఊపిరి. తరవాత ఎవరో పకాలున నవ్వారు. ఆ నవ్విన మనిషే మాట్లాడింది. "ఇగరాషి గారూ, సరిపోయిందా, ఇంకోటి కావాలా? త్వరగా చెప్పండి, ఆకలికి కళ్లు తిరుగుతున్నాయి."

నేను.

తెర మీద తారీఖు మూడేళ్ల కిందటిది. మొదటి సీజను, ఏడో భాగం. ఒగాతా.

ఆయన కళ్లద్దాలు తుడుచుకోలేదు.

"జనవరిలో నువ్వు అరిచిన మూడూ పనికిరాలేదమ్మా. బొటనవేలు చూపించాను, ఏం చెయ్యను, అందరి ముందు. పాత టేపులన్నీ వెతికితే పనికొచ్చే కేకలు పదకొండు దొరికాయి. తొమ్మిది అయిపోయాయి."

"పదిహేనో భాగం?"

"నేనే రచయిత కాళ్లు పట్టుకున్నాను. ఓ వారం గొంతుకి విశ్రాంతి దొరుకుతుందని."

"కొతోనె?"

ఇక్కడ మాత్రం ఆయన తల దించుకున్నారు. "నిర్మాతలు పసిగట్టారు. కొత్త గొంతు సిద్ధం చేసుకోమన్నారు. మీ నెమోతో గారికీ తెలుసు. గురువారం ఆ పిల్లని పిలిచి మూడు కేకలు వేయించాను. అవయ్యాక, ఇవి వాడటానికి వీల్లేదంది. ఒగాతా గారు తన నోటితో చెబితేనే చేస్తానంది. వయసులో నా సగం లేదు, నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే నమస్కారం పెట్టాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు చెబుతావని చూశాను. నాలుగు నెలలు చూశాను."

నా మీద కుట్ర జరిగిందన్న మాట అబద్ధం కాదు. అందరూ కలిసే చేశారు. నేను అనుకున్న పని కాదు, అంతే.

ఇదంతా ఒక ఎత్తు. నా గొంతు నేను గుర్తుపట్టలేదన్నది ఒక ఎత్తు. పదకొండుసార్లు విన్నాను. పదకొండుసార్లూ దాన్ని అసహ్యించుకున్నాను.

మే 14

ఏమీ లేదు.

మే 16, శుక్రవారం

ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి తెర మీద చూపించారు. ఎడమ స్వరతంతువు మీద బియ్యపు గింజంత కండ, పాలిప్ అంటారట. ఏడాదిగా పెరుగుతూ ఉండాలి, నొప్పి తెలియలేదా అని డాక్టరు అడిగారు.

"పుప్పొడి అనుకున్నాను."

ఆవిడ నా చీటీలో వృత్తి అని ఉన్నచోట చూసి, ఏదో రాసుకుంది.

ఆపరేషను జూన్ నాలుగున. తరవాత వారం రోజులు పూర్తి మౌనం. గుసగుస కూడా కూడదు. దగ్గకూడదు, గొంతు సవరించుకోకూడదు, నవ్వకూడదు. తరవాత రెండు నెలలు కొద్దికొద్దిగా. మునుపటిలా వస్తుందా అని అడిగాను. మాట వస్తుంది, కేక సంగతి ఇప్పుడే చెప్పలేను అంది.

కనీసం ఈవిడ అబద్ధం ఆడటం లేదు. ఆడుతోందేమోనని చాలాసేపు కళ్లలోకి చూశాను. అలవాటైపోయింది.

మే 19, సోమవారం

కొతోనెకి మూడుసార్లు మెసేజి రాసి చెరిపేశాను. నాలుగోది పంపాను. అసగాయా స్టేషను దగ్గర గది అద్దెకి తీసుకుని పాడుకునే దుకాణం ఉంది, పగలు ఖాళీ. అక్కడికి రమ్మన్నాను. రాదనుకున్నాను. నాకంటే ముందే వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉంది.

లోపల సోఫాలో ఇద్దరం ఎదురెదురుగా కూచున్నాం. తెర మీద ఎవరో సముద్రం ఒడ్డున పాడుతున్నారు, శబ్దం లేకుండా.

"నిన్ను దొంగ అన్నాను," అన్నాను. గొంతు సగమే వచ్చింది. "తప్పు నాది. క్షమించు."

"గురువారం వచ్చినందుకు నేనూ చెప్పాలి కదక్కా. భయమేసింది. చెబితే మీరు ఇంక నాతో మాట్లాడరనుకున్నాను."

"యూనాగి చెయ్యాలని నీకు ఆశ లేదా? నిజం చెప్పు."

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. నాకు అది నచ్చింది.

"ఉంది. హైస్కూల్లో ఉన్నప్పుడు మీరు చేసిన ఆవు విన్నాను. ఆ ఆవు ఎవరు చేశారా అని పేర్లు ఆపి ఆపి చూశాను. మీ పక్కన మైకు దగ్గర నిలబడాలని ఈ పనిలోకి వచ్చాను. ఆశ లేదంటే అబద్ధం. కానీ ఇలా కాదు."

ఆవు. ముప్ఫై మంది పిల్లలు కూడా చూడని ఆ టీవీ బొమ్మల కార్యక్రమంలో నా ఆవు. నవ్వొచ్చి దగ్గొచ్చింది.

"సరే, లే. ఓ కేక వెయ్యి."

అరిచింది. బాగుంది, గట్టిగా ఉంది. కానీ యూనాగి కాదు.

"కోపంగా అరుస్తున్నావు. దానికి కోపం లేదు. పొద్దుట్నుంచి తిండి లేదు. కింద అన్నం వండి పెట్టి ఉంది. ఈ రాక్షసి చస్తే గాని తినడానికి వీల్లేదు. అదీ ఆ కేక."

ఆమె కడుపు మీద అరచెయ్యి పెట్టాను. ఎక్కడినుంచి లేవాలో నొక్కి చూపించాను. నోటితో చూపించలేను కనుక చేత్తో. ఆరోసారికి నా అరచేతి కింద ఏదో గట్టిగా తన్నింది. గది తలుపు అద్దం గలగలలాడింది. దుకాణం మనిషి వచ్చి అంతా క్షేమమేనా అని అడిగాడు.

"ఆకలేస్తోందండీ," అంది కొతోనె.

వేయించిన నూడుల్స్ తెప్పించుకున్నాం.

మే 20

నెమోతో గారితో, ఇగరాషి గారితో, నిర్మాతలతో నేనే చెప్పాను. పదిహేడో భాగం నుంచి ఇరవయ్యో భాగం వరకు కొతోనె. తరవాత నా గొంతు చూసి నిర్ణయిస్తారు. చూసి అన్నారు, విని అనలేదు. ఆ మాటలో ఏమైనా ఉందా?

ఆపు చిజురూ.

జూన్ 5

మౌనం. మొదటి రోజు.

జూన్ 7

పక్క మంచం ముసలమ్మ నాకు చెవుడనుకుంటోంది. గట్టిగా అరిచి మాట్లాడుతోంది. మంచి గొంతు.

జూన్ 9, సోమవారం

కొతోనె వచ్చింది. ఇగరాషి గారి అనుమతితో పద్దెనిమిదో భాగంలో కొంత తన ట్యాబ్లెట్ పలకలో తెచ్చింది. ఇంకా రంగులు వెయ్యలేదు, పెన్సిలు గీతలే. కొన్నిచోట్ల బొమ్మ బదులు ఒట్టి గుండ్రం. గొంతు మాత్రం పూర్తిది. యూనాగిగా కొతోనె.

"ఎలా ఉందో రాసి చూపించండక్కా. మొహమాటం వద్దు."

నా నోటుపుస్తకం తీశాను. పేజీ పైన 'తప్పులు' అని రాసి కింద గీత గీశాను. మొహమాటం నాకు ఎలాగూ లేదు. చెవి రిక్కించి, పెన్సిలు ఆనించి కూచున్నాను. తప్పు దొరకాలనే కూచున్నాను, ఇక్కడ కాక ఇంకెక్కడ ఒప్పుకుంటాను.

కథ ఏమీ లేదు. రాక్షసి మారువేషం వేసుకుని స్నానశాలకి వంటమనిషిగా వస్తుంది. అది రాక్షసి అని నలుగురికీ తెలిసిపోతుంది. యూనాగికీ తెలుసు. కానీ వంట బాగుంది. కోహేని రాక్షసి నోట్లో పెట్టుకుని నములుతుంటే, తక్కిన నలుగురూ కత్తులు దూసి ఉరుకుతుంటే, యూనాగి గిన్నె చేత్తో పట్టుకుని అడ్డంగా నిలబడుతుంది.

"ఆగండి. ఇంకా పచ్చడి వడ్డించలేదు."

రాక్షసి నోట్లోంచి కోహే కాళ్లు రెండూ ఆగిపోతాయి. రాక్షసి కూడా ఆగిపోతుంది. ఆలోచిస్తుంది. కోహేని బయటికి తీసి, జాగ్రత్తగా పక్కన పెట్టి, వంటింట్లోకి పచ్చడి తేవడానికి వెళ్తుంది.

నా నోట్లోంచి ఏదో వచ్చింది.

ముందు ఏమిటో తెలియలేదు. కొతోనె పలక మంచం మీద పడేసి రెండు చేతులూ అడ్డం పెట్టింది. "అక్కా, నవ్వకండి. అక్కా, వద్దు, డాక్టరు చెప్పారు." తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. అప్పటికే రాక్షసి పచ్చడి జాడీ పట్టుకుని వంగి, ఎవరికెంత అని అడుగుతోంది. ఐదుగురూ, వాడూ, అదీ బల్ల చుట్టూ కూచున్నారు, అన్నీ ఒట్టి పెన్సిలు గీతలు. కళ్ల నీళ్లు కారిపోతున్నాయి. మంచం ఊగుతోంది. పక్క మంచం ముసలమ్మ, ఏమైంది ఏమైంది అని అరుస్తోంది. కొతోనె నన్ను పట్టుకుని, వద్దు వద్దు అంటూ తనూ నవ్వుతోంది.

ఐదు రోజుల తరవాత నా గొంతులోంచి వచ్చిన మొదటి శబ్దం అది. ఎలా ఉందో నేను వినలేదు. ఆ పిల్ల గొంతు కూడా, ఎక్కణ్ణుంచో తెలీదు, వినడం మానేశాను. యూనాగి మాట్లాడుతోందనే అనుకున్నాను.

నర్సు వచ్చి ఇద్దర్నీ చివాట్లు పెట్టింది. కొతోనె వెళ్లేటప్పుడు నా నోటుపుస్తకం వైపు చూసింది. తిప్పి చూపించాను.

'తప్పులు' అని ఉంది. కింద గీత ఉంది. ఇంకేమీ లేదు.